ఏ వయొలిన్ కొనాలి? సైజు, బడ్జెట్, స్థాయి గురించి తరచుగా అడిగే ప్రశ్నలు

కర్నూలు, అనంతపురం, కడపల్లో పిల్లల్ని వయొలిన్ క్లాసులో చేర్పించే తల్లిదండ్రులూ, ఉద్యోగంలో కుదురుకున్నాక తామే నేర్చుకోవాలనుకునే పెద్దలూ అడిగే ప్రశ్నలు ఏటా దాదాపు ఇవే. కర్ణాటక సంగీతం నేర్చుకునేవాళ్లను దృష్టిలో పెట్టుకుని జవాబులు రాశాం. ధరలన్నీ అంచనాలే. ఊరిని బట్టి, దుకాణాన్ని బట్టి మారతాయి.

## కొనే ముందు

పిల్లోడు నేర్చుకుంటాడో లేదో తెలీదు. ముందు చవకది కొని, చేయి తిరిగాక మంచిది కొందామా?

చవకది కొనండి, తప్పు లేదు. కానీ శ్రుతిలో నిలవని వాద్యం మాత్రం వద్దు. బిరడాలు (తీగలు బిగించే పిడులు) జారిపోతూ, బ్రిడ్జి (తీగలను ఎత్తి పట్టే చిన్న చెక్క) ఎత్తుగా ఉండి తీగ నొక్కితే వేళ్లు కోసుకుపోతుంటే, పిల్లాడికి తప్పు వయొలిన్‌ది అని తెలీదు. తనకే రావడం లేదనుకుంటాడు. మూడు నెలల్లో మానేసినవాళ్ల వయొలిన్లు తీసి చూస్తే చాలావాటికి అసలు సెటప్పే చేసి ఉండదు. సెటప్ అంటే బ్రిడ్జిని చెక్కి ఆ వాద్యానికి సరిపెట్టడం, సౌండ్ పోస్ట్ (వాద్యం లోపల నిలబడే చిన్న పుల్ల) నిలబెట్టడం, బిరడాలు పట్టేలా చేయడం, తీగల ఎత్తు సరిచేయడం. ఖరీదైన వాద్యమైనా సెటప్ లేకపోతే పలకదు. మామూలు వాద్యం కూడా సెటప్ బాగుంటే రెండు మూడేండ్లు చక్కగా పనిచేస్తుంది.

ముందు వయొలిన్ కొనాలా, గురువును చూసుకోవాలా?

గురువును. మొదటి పాఠాలు ఆయన దగ్గరున్న వాద్యం మీదే చెప్పించుకోవచ్చు. చేయి కొలిచి సైజు చెప్తారు, ఏ శ్రుతిలో నేర్పుతారో చెప్తారు. వీలుంటే దుకాణానికి వెంట వస్తారు, లేదా ఫోన్లో విని అభిప్రాయం చెప్తారు.

కర్ణాటక సంగీతానికి వేరే రకం వయొలిన్ ఉంటుందా?

ఉండదు. ముత్తుస్వామి దీక్షితర్ తమ్ముడు బాలుస్వామి దీక్షితర్ యూరోపియన్ల దగ్గర ఈ వాద్యం నేర్చుకుని మన సంగీతానికి తెచ్చారు. మనవాళ్లు మార్చింది శ్రుతినీ, కూర్చునే తీరునూ. వాద్యం అదే. పాశ్చాత్య పద్ధతిలో నాలుగు తీగలనూ జీ, డీ, ఏ, ఈ స్వరాలకు కడతారు. మనం లావు తీగ నుంచి వరుసగా మంద్ర షడ్జమం, మంద్ర పంచమం, మధ్య షడ్జమం, మధ్య పంచమం కడతాం.

కొనేటప్పుడు మనకు రెండు తేడాలు వస్తాయి. వయొలిన్ తలను కుడి పాదం మీద ఆనించి కూర్చుంటాం కాబట్టి భుజానికి పెట్టుకునే షోల్డర్ రెస్ట్ అక్కర్లేదు. ప్యాకేజీలో ఇస్తున్నారని దానికి డబ్బు కట్టకండి. రెండోది, నాలుగు తీగలకూ ఫైన్ ట్యూనర్లు (శ్రుతిని కొద్దికొద్దిగా సరిచేసే చిన్న మరలు) ఉన్న టెయిల్‌పీస్ (తీగల కింది కొనలను పట్టి ఉంచే ముక్క) అడగండి. పాశ్చాత్య వాద్యాల్లో చాలావాటికి ఒకటో తీగకే, అంటే అన్నిటికన్నా సన్నదానికే, ఉంటుంది. తంబురాతో కలిపి శ్రుతి చేసుకునేటప్పుడు బిరడాతో వెంట్రుకవాసి సరిదిద్దడం కొత్తవాళ్ల వల్ల కాదు.

ఎలక్ట్రిక్ వయొలిన్ అయితే హెడ్‌ఫోన్స్‌తో రాత్రిళ్లు కూడా సాధన చేసుకోవచ్చు కదా?

మొదటి వాద్యంగా వద్దు. కమాను ఒత్తిడి తప్పినప్పుడు వచ్చే గీర శబ్దం చెవికి తెలిస్తేనే చేయి దిద్దుకుంటుంది. చవక ఎలక్ట్రిక్ వాద్యాల్లో ఆ తేడా సగం మాసిపోతుంది. పక్కింటివాళ్ల ఇబ్బందే మీ సమస్య అయితే రబ్బరు మ్యూట్ కొని బ్రిడ్జి మీద పెట్టుకోండి.

## సైజు

మా పాపకు ఎనిమిదేండ్లు. ఏ సైజు తీసుకోవాలి?

వయసు చూసి కాదు, చేయి కొలిచి తీసుకోవాలి. ఎడమ చేయి పక్కకు బారుగా చాపించి, మెడ మొదలు నుంచి అరచేతి మధ్యదాకా టేపు పెట్టండి. దాదాపు 18.5 అంగుళాలుంటే 1/4, 20 ఉంటే 1/2, 22 ఉంటే 3/4, 23 గానీ అంతకు మించి గానీ ఉంటే 4/4, అంటే ఫుల్ సైజు. రెండు సైజుల మధ్య పడితే చిన్నదే తీసుకోండి.

ఆ తర్వాత నేల మీద కూర్చోబెట్టి చూడండి. వయొలిన్ తల కుడి మడమ దగ్గర ఆనాలి, వెనకభాగం ఎడమ ఛాతీకి తగలాలి. అలా కూర్చున్నప్పుడు ఎడమ మోచేయి కాస్త వంగి ఉండాలి, వేళ్లు తల వంపును చుట్టుకోగలగాలి. చేయి కర్రలా బిగుసుకుంటే సైజు పెద్దదైనట్టే. ఎనిమిదేండ్ల పిల్లల్లో ఎక్కువమందికి 1/2 సరిపోతుంది, సన్నగా ఉన్నవాళ్లకు 1/4 పడవచ్చు.

ఒకేసారి పెద్దది కొంటే రెండు మూడేండ్లు వస్తుంది కదా?

స్కూలు యూనిఫాం అయితే మడిచి కుట్టించుకోవచ్చు. వయొలిన్‌ను మడవలేం. సైజు పెద్దదైతే స్వరస్థానాల మధ్య దూరం పెరుగుతుంది. నాలుగో వేలు అందక పిల్లలు మణికట్టును మెలితిప్పి అందుకుంటారు. ఆ అలవాటు, దాంతోపాటు వచ్చే అపస్వరం, సరైన సైజు చేతికొచ్చాక కూడా ఒక పట్టాన పోవు. చిన్న సైజులు ఎటూ రెండేండ్లకు మించి వాడరు. వాటిలో ఖరీదైనదానికి పోకుండా, క్లాసులో పై సైజుకు మారిన పిల్లల దగ్గర వాడినది తీసుకోవడం మంచి లెక్క.

నాకు నలభై ఐదేండ్లు, పొట్టిగా ఉంటాను. 3/4 తీసుకోవాలా?

4/4 తీసుకోండి. చేయి 22 అంగుళాలకు తక్కువుంటే తప్ప పెద్దలకు చిన్న సైజు అక్కర్లేదు. 3/4లో మంద్ర స్థాయి నాదం పలచబడుతుంది. దానికి మంచి తీగలు దొరకడమూ కష్టమే.

## డబ్బు లెక్క

ఆన్‌లైన్లో నాలుగైదు వేలకే పెట్టె, కమాను, రోజిన్ (కమాను వెంట్రుకలకు రుద్దే బిళ్ల) అన్నీ కలిపి వస్తున్నాయి. పనికొస్తాయా?

అలాగే వాడితే రావు. ఈ ధరలో ఫింగర్ బోర్డు (తీగలను వేళ్లతో నొక్కే పలక), బిరడాలు సాధారణంగా మెత్తటి చెక్కకు నల్లరంగు వేసినవే. ఆరు నెలలకు తీగ కింద గాడి పడి రంగు పోతుంది. బ్రిడ్జి ఫ్యాక్టరీ నుంచి వచ్చిన మందంతోనే ఉంటుంది, తీగలు ఇనుపకడ్డీల్లా ఉంటాయి. అయితే పైచెక్క, మెడ నిటారుగా ఉంటే సెటప్ చేయించి, తీగలు మార్చి ఏడాది నెట్టుకురావచ్చు. అందుకు ఇంకో మూడు నాలుగు వేలవుతుంది. అంటే ఎనిమిది వేల వాద్యం ధర పెట్టినట్టే. మెడ వంకరగా వచ్చినదాన్ని బాగుచేయించాలని చూడకండి, వెనక్కి పంపేయండి.

పది, పన్నెండు వేలు ఉన్నాయి. ఎలా పంచుకోవాలి?

మొత్తం వాద్యానికే పెట్టేయకండి. ఏడెనిమిది వేలు వయొలిన్‌కు, వెయ్యి నుంచి రెండు వేలు సెటప్‌కు, ఇంకో రెండు వేలు తీగలకూ రోజిన్‌కూ ఉంచుకోండి. ప్యాకేజీలో వచ్చిన కమాను వంకర లేకపోతే ప్రస్తుతానికి అదే వాడొచ్చు. ఈ ధరలో పైచెక్క స్ప్రూస్, అడుగు చెక్క మేపుల్ అని రాసి ఉంటే చాలదు. ప్లైవుడ్డా, ఒకే చెక్క నుంచి చెక్కినదా అని అడగండి. పైచెక్క మీద ఎఫ్ ఆకారంలో ఉండే ఎఫ్ రంధ్రం అంచును దగ్గరగా చూస్తే తెలుస్తుంది. పొరలు పొరలుగా కనిపిస్తే ప్లైవుడ్.

పాలిష్ మెరుపు చూసి మోసపోకండి. మందంగా పూసిన వార్నిష్ నాదాన్ని నొక్కేస్తుంది. ఎర్రగా అద్దంలా మెరిసే వాద్యం ఫొటోల్లోనే బాగుంటుంది.

ఇరవై ఐదు, ముప్పై వేలు పెడితే తేడా నిజంగా వినిపిస్తుందా?

వినిపిస్తుంది, కానీ వర్ణాల దాకా, అంటే పై పాఠాల దాకా, వచ్చినవాళ్లకు. గమకం లాగినప్పుడు తీగ వెంటనే పలకడం, నాలుగో తీగ మీద గొంతు నిండుగా రావడం, చిన్నగా వాయించినా నాదం విరగకపోవడం ఈ శ్రేణిలో మొదలవుతాయి. ఎబొనీ (నల్లటి గట్టి చెక్క) ఫింగర్ బోర్డు, ఎబొనీ బిరడాలు, చెక్కిన పైచెక్క ఇందులో తప్పకుండా ఉండాలి. స్టెంటార్ స్టూడెంట్ 2, యమహా వీ3 లాంటివి ఎక్కువగా అడుగుతుంటారు. ఫ్యాక్టరీ వాద్యాల్లో నాణ్యత ఇంచుమించు ఒకేలా ఉండటం వీటి సుగుణం. అదే మోడల్లో కూడా రెండు మూడు పక్కపక్కన పెట్టించుకుని వినండి, తేడా ఉంటుంది.

సరళీ వరుసలు, జంట వరుసల్లో, అంటే మొదటి పాఠాల్లో, ఉన్న విద్యార్థికి ఇంత పెట్టాల్సిన పని లేదు.

కచేరీలు, పోటీలు మొదలయ్యాయి. ఇప్పుడెంత పెట్టాలి?

యాభై వేల పైన ధర చెప్పి ప్రయోజనం లేదు. అక్కడ ధరకూ నాదానికీ లెక్క కుదరదు. ఆ స్థాయిలో వాద్యాన్ని కనీసం వారం తెచ్చుకుని వాయించనిచ్చే చోటే కొనండి. మీ శ్రుతికి కట్టి, హాల్లో ఇంకొకరితో వాయించించి, మీరు దూరంగా కూర్చుని వినండి. చెవి దగ్గర గంభీరంగా మోగేవి కొన్ని పదో వరుసకు చేరవు. బడ్జెట్‌లో నాలుగో వంతు కమానుకు ఉంచండి.

తాతగారి పెట్టెలో పాత వయొలిన్ దొరికింది. లోపల స్ట్రాడివేరియస్ అని, 17తో మొదలయ్యే సంవత్సరం ఉంది. కోట్లు పలుకుతుందా?

పలకదు. ఆ పేరున్న ఇటలీ వయొలిన్ తయారీదారు స్ట్రాడివరి 1737లో చనిపోయారు. ఆయన నమూనాలో చేసిన ఫ్యాక్టరీ వాద్యాలు చాలావాటికి జర్మనీ తదితర చోట్ల ఆ లేబులే అంటించి లక్షల సంఖ్యలో అమ్మారు. లేబుల్ కింద ఇంగ్లిషులో 'మేడ్ ఇన్ జర్మనీ' అని ఉంటే అది 1890 తర్వాతదే అనుకోవచ్చు. దిగుమతి సరుకు మీద దేశం పేరు ఉండాలని అమెరికా చట్టం తెచ్చింది ఆ ఏడాదే.

అయినా పారేయకండి. పైచెక్కలో సౌండ్ పోస్ట్ దగ్గర గానీ, బాస్ బార్ (పైచెక్కకు లోపల అంటించే పొడవాటి బద్ద) వెంబడి గానీ పగులు లేకపోతే బాగుచేయించడం లాభమే. వందేండ్లు ఆరిన చెక్క అది. ముప్పై వేల కొత్త వాద్యానికి దీటుగా పలికినవి ఉన్నాయి. సౌండ్ పోస్ట్ కింద పగులుంటే మాత్రం ఖర్చు వాద్యం విలువను మించుతుంది.

## కొనేటప్పుడు

ఎక్కడ కొనాలి? హైదరాబాదా, బెంగళూరా, ఆన్‌లైనా?

సెటప్ ఎక్కడ చేస్తారో అక్కడ. కర్నూలువాళ్లకు హైదరాబాదు, అనంతపురంవాళ్లకు బెంగళూరు, కడపవాళ్లకు తిరుపతి గానీ చెన్నై గానీ దగ్గర. బెంగళూరులో బళేపేట వాద్యాల దుకాణాలకు పేరున్న వీధి. చెన్నైలో మైలాపూరు వైపు కర్ణాటక పద్ధతి తెలిసిన పనివాళ్లు దొరుకుతారు. ఫోన్ చేసి ఒకటే అడగండి: "బ్రిడ్జి మీరే చెక్కి, సౌండ్ పోస్ట్ మీరే నిలబెట్టి ఇస్తారా?" డబ్బా తెరిచి తీసి ఇచ్చేవాళ్లయితే ప్రయాణం దండగ.

ఆన్‌లైన్లో తెప్పిస్తే డబ్బా విప్పేటప్పుడే వీడియో తీసుకోండి. బ్రిడ్జి విడిగా వస్తుంది, అది లోపం కాదు. మెడ వదులవడం, పైచెక్క పగలడం, అంచు తెరుచుకోవడం ఉంటే రిటర్న్ గడువులోపే పంపండి.

నాకు వాయించడం రాదు. దుకాణంలో మంచిదో కాదో ఎలా చూడాలి?

కళ్లతో చాలా పట్టుకోవచ్చు. వయొలిన్‌ను తల వైపు నుంచి కంటికి ఎత్తి, ఫింగర్ బోర్డు వెంబడి చూడండి. పక్కకు మెలితిరిగి ఉండకూడదు. దాని గీత నేరుగా బ్రిడ్జి మధ్యకు పోవాలి. ఫింగర్ బోర్డు బ్రిడ్జి వైపు ముగిసే చోట తీగ కింద సందు కొలవండి: ఒకటో తీగకు మూడున్నర మిల్లీమీటర్లు, నాలుగో తీగకు ఐదున్నర, ఆ చుట్టుపక్కల ఉండాలి. ఏడెనిమిది ఉంటే బ్రిడ్జి చెక్కనే లేదు. బిరడాల పక్కనుండే నట్ దగ్గర తీగకూ బోర్డుకూ మధ్య విజిటింగ్ కార్డు దూరేంత సందు చాలు.

బ్రిడ్జి పాదాలు ఎఫ్ రంధ్రాల లోపలి చిన్న గాట్లకు సరిగ్గా ఎదురుగా ఉన్నాయా, పాదాల కింద వెలుగు కనిపిస్తోందా చూడండి. వెలుగు కనిపించకూడదు. ఎఫ్ రంధ్రంలోంచి ఫోన్ టార్చి వేస్తే సౌండ్ పోస్ట్ నిటారుగా నిలబడి ఉండాలి. తర్వాత అంచు చుట్టూ వేలి కణుపుతో మెల్లగా తట్టుకుంటూ రండి. ఒక్క చోట గలగలమని బోలుగా వినిపిస్తే అక్కడ జిగురు విడింది.

చివరిగా బిరడాలు. ఒక్కొక్కటీ తిప్పి వదలండి. ఆపిన చోటే నిలవాలి. టకటకమని జారితే "వాడుతుంటే సర్దుకుంటుంది" అంటారు. సర్దుకోదు.

కమాను సంగతేంటి? దాని మీద అంత ఖర్చు అవసరమా?

మొదటి ఏడాది అక్కర్లేదు. ఆ తర్వాత వాద్యం మార్చేముందు కమాను మార్చి చూడండి, సగం ఫిర్యాదులు తీరతాయి. ఫుల్ సైజు కమాను దాదాపు 60 గ్రాములుంటుంది. కర్ర వెంబడి ఒక కన్ను మూసి చూస్తే ఎడమకో కుడికో వంగకూడదు. బిగించినప్పుడు మధ్యలో కర్రకూ వెంట్రుకలకూ మధ్య పెన్సిలు పట్టేంత సందే ఉండాలి. అప్పటికే కర్ర తన వంపు పోగొట్టుకుని సాపుగా అయిపోతే దాంట్లో బలం లేదు. మన ఎండలకు చవక చెక్క కమానులు వంకరపోతాయి. నాలుగైదు వేల శ్రేణిలో కార్బన్ ఫైబర్ నమ్మకమైనది.

## ఇంటికొచ్చాక

కొత్త వయొలిన్. కమాను గీస్తే శబ్దమే రావట్లేదు. పాడైపోయిందా?

లేదు. కొత్త వెంట్రుకలకు రోజిన్ పట్టలేదంతే. కొత్త రోజిన్ బిళ్ల గాజులా నున్నగా ఉంటుంది, ఎంత రుద్దినా రాదు. సన్నటి గరుకు కాగితంతో దాని పైభాగాన్ని గీయండి, తెల్లపొడి రాలాలి. తర్వాత కమానును ఈ చివర నుంచి ఆ చివరకు ముప్పై నలభై సార్లు నిదానంగా లాగండి. తర్వాత రోజుకు నాలుగైదు సార్లు చాలు. వేళ్లు జారడానికి కొబ్బరి నూనె రాసుకునే అలవాటుంటే ఆ చేత్తో వెంట్రుకలు ముట్టుకోకండి. నూనె తగిలిన చోట కమాను మూగబోతుంది.

తీగలన్నీ విప్పి తుడిచాం. ఇప్పుడు లోపల ఏదో పుల్ల దొర్లుతోంది!

అది సౌండ్ పోస్ట్. జిగురు లేకుండా, తీగల ఒత్తిడితోనే నిలబడి ఉంటుంది. అన్నీ ఒకేసారి విప్పితే పడిపోతుంది. తీగలు బిగించకండి, పోస్ట్ లేకుండా బిగిస్తే పైచెక్క కుంగుతుంది. ప్రత్యేకమైన పరికరంతో ఎఫ్ రంధ్రంలోంచి నిలబెట్టాలి కాబట్టి పనివాడి దగ్గరకే తీసుకెళ్లాలి. జిగురు పెట్టి అంటించనివ్వకండి. ఇకమీదట తీగలు మార్చేటప్పుడు ఒకటి విప్పి, దాని కొత్తది బిగించాకే రెండోదాన్ని ముట్టుకోండి.

ఎండాకాలం వచ్చిందంటే బిరడాలు నిలవవు. పొద్దున చూస్తే తీగలన్నీ వదులు. ఏం చేయాలి?

ఏప్రిల్, మే నెలల్లో మన దగ్గర గాలిలో తేమ బాగా పడిపోయి చెక్క ముడుచుకుంటుంది, బిరడా తన రంధ్రంలో వదులవుతుంది. తిప్పేటప్పుడే లోపలికి నొక్కుతూ తిప్పండి. అప్పటికీ నిలవకపోతే బిరడా బయటికి తీసి, రంధ్రంలో ఆనే రెండు చోట్లా సుద్దముక్క రుద్ది పెట్టండి. ఫెవిక్విక్ లాంటివి పొరపాటున కూడా వద్దు.

ఇంట్లో కూలర్ ఉంటే ఇంకో తిప్పలు. రాత్రంతా తేమగాలికి ఉబ్బి, పగలు ఎండి ముడుచుకుంటుంది. ఈ ఊగిసలాటే అంచుల జిగురు విడిపోవడానికి అసలు కారణం. కూలర్ గాలి తగలని లోపలి గదిలో, పెట్టెలో పెట్టి, నేలకు దగ్గరగా ఉంచండి. స్లాబు కింది సజ్జ మీద, రేకుల గదిలో, ఎండలో నిలిపిన కారులో పెట్టకండి. వయొలిన్‌ను అతికించే జిగురు వేడికి మెత్తబడుతుంది. బస్సులో డిక్కీలో వేయకుండా ఒళ్లో గానీ కాళ్ల దగ్గర గానీ పెట్టుకోండి.

ఏ తీగలు వేయించాలి?

మీ శ్రుతిని బట్టి. 5 శ్రుతికి (అంటే జీ స్వరం షడ్జమంగా) కడితే, పాశ్చాత్య పద్ధతితో పోలిస్తే లావు తీగలు రెండూ ఉన్నచోటే ఉంటాయి, సన్నవి రెండూ రెండేసి స్వరస్థానాలు దిగుతాయి. ఏ సెట్ అయినా పనిచేస్తుంది. అదే రెండున్నరకు దించితే ఒకటో తీగ ఆరు స్వరస్థానాలు దిగుతుంది. మామూలు సెట్ వదులై గరగరలాడుతుంది. మందం గేజీ, అంటే ఇంకాస్త లావున్న తీగలు, అడగండి. నేర్చుకునే దశలో స్టీల్ తీగలు మేలు: డాడారియో ప్రిల్యూడ్ లాంటివి రెండు వేల అటూ ఇటూ దొరుకుతాయి, శ్రుతి తొందరగా కుదురుకుంటుంది. డామినెంట్, టోనికా లాంటి సింథటిక్ తీగల నాదం మెత్తగా, నిండుగా ఉంటుంది. కానీ ఖరీదెక్కువ. ఐదు వేల వయొలిన్‌కు ఐదు వేల తీగలు వేయడం దుబారా.

బ్రిడ్జి ముందుకు వాలిపోతోంది. అలాగే వదిలేయవచ్చా?

వద్దు. బిరడాలు బిగించినప్పుడల్లా తీగలు దాని పైఅంచును ఫింగర్ బోర్డు వైపు లాగుతాయి. టెయిల్‌పీస్ వైపు ముఖం పైచెక్కకు నిట్టనిలువుగా ఉండాలి. తీగలు కాస్త వదులు చేసి, రెండు చేతుల బొటనవేళ్లు, చూపుడు వేళ్లతో పై అంచు పట్టుకుని మెల్లగా వెనక్కి తీసుకురండి. అలాగే వదిలేస్తే ఒకరోజు ఠప్పున పడి పైచెక్కకు సొట్ట పెడుతుంది. అదే సమయంలో ఫైన్ ట్యూనర్ల అడుగు కూడా చూడండి. మర పూర్తిగా బిగించేస్తే దాని కొక్కెం కిందికి దిగి చెక్కను గీరుతుంది. మరను వదులు చేసి, బిరడాతో శ్రుతి ఎక్కించండి.

## మార్చే సమయం

ఎప్పుడు మంచి వయొలిన్‌కు మారాలి?

గురువు మీ వయొలిన్ తీసుకుని వాయించినప్పుడు కూడా మీ చేతిలో వచ్చిన నాదమే వస్తే, వాద్యం తన హద్దుకు చేరినట్టు. ఆయన చేతిలో బాగా పలికితే ఇంకొన్నాళ్లు సాధనే చేయండి. మారేముందు ఒకసారి తీగలు, కమాను మార్చి చూడటం చవక.

పాతది అమ్మితే ఎంత వస్తుంది?

చవక ప్యాకేజీ వాద్యాలకు సగం ధర కూడా రాదు. ఇరవై వేల పైన కొన్నవి, పగులు లేకుండా ఉంటే, సగానికి కాస్త పైన పలుకుతాయి. దుకాణంలో మార్పిడికి ఇస్తే ఇంకా తక్కువ కడతారు. గురువు దగ్గర చెప్పి ఉంచితే ఆ సైజు వెతుక్కుంటున్న విద్యార్థి దొరుకుతాడు. అమ్మేముందు ఒకటో తీగ కొత్తది వేసి, రోజిన్ పొడి పొడిగుడ్డతో తుడవండి. శానిటైజర్ వాడితే వార్నిష్ లేచిపోయి ఉన్న ధర కూడా పోతుంది.